స్కౌట్స్, గైడ్స్‌లో కొత్తగా చేరుతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్‌లో బడి తెరిచిన మొదటి రెండు వారాలూ స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నా కోసం ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. ఆరో తరగతిలో చేరిన పిల్లవాడి తండ్రి, ఏడో తరగతి అమ్మాయి, ఒక్కోసారి ఆ అమ్మాయి అమ్మమ్మ. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. గైడ్ కెప్టెన్‌గా అంటే గైడ్ల దళాన్ని నడిపే టీచరుగా ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నాను, అంతకుముందు చదువుకునే రోజుల్లో నేనూ గైడ్‌నే. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో చేరాలనుకునే పిల్లల కోసం, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం ఆ జవాబులన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

అసలు స్కౌట్స్, గైడ్స్ అంటే ఏమిటి?

పిల్లలు చిన్న చిన్న జట్లుగా ఏర్పడి, ఆరుబయట పనులు చేస్తూ, ఆటలు ఆడుతూ, తమ పనులు తామే చేసుకోవడం, పక్కవాళ్లకు సాయపడటం నేర్చుకునే ఉద్యమం. మగపిల్లలు స్కౌట్లు, ఆడపిల్లలు గైడ్లు. ఇది రాజకీయ సంస్థ కాదు, ఏ ఒక్క మతానికీ చెందినది కాదు. ఇష్టపడి చేరాలి తప్ప బలవంతం లేదు. తరగతిలో అందరి పేర్లూ ఒకేసారి రాసి పంపే ఉపాధ్యాయులను చూశాను. అలా వచ్చిన పిల్లల్లో చాలామంది దసరా సెలవుల తరువాత కనిపించరు. తనంతట తాను వచ్చిన ఒక్క పిల్ల అలాంటి పదిమందితో సమానం.

ఇది ఇంగ్లీషువాళ్లు తెచ్చినది కదా, మన పిల్లలకు ఎందుకు?

ఈ ప్రశ్న అడిగినవారిని నేను ఎప్పుడూ తప్పుపట్టలేదు. మొదలుపెట్టింది బ్రిటిష్ సైన్యాధికారి బేడెన్ పావెల్, అది నిజం. 1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో ఇరవై మంది కుర్రాళ్లతో ఒక శిబిరం పెట్టారు. ధనవంతుల పిల్లలనూ, పనివాళ్ల పిల్లలనూ ఒకే గుడారంలో పడుకోబెట్టడం ఆ రోజుల్లో చాలా పెద్ద విషయం. అక్కడి నుంచి అది ప్రపంచమంతా పాకింది.

మన దేశంలో తొలి దళం 1909లో బెంగళూరులో ఏర్పడింది. అయితే అది దొరల పిల్లలకు, ఆంగ్లో ఇండియన్ల పిల్లలకే. భారతీయుల పిల్లలను చేర్చుకోలేదు. మనవాళ్లు ఊరుకున్నారా? మధ్య పరగణాలలో వివియన్ బోస్ భారతీయ బాలల కోసం దళాలు నడిపారు. తరువాతి కాలంలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన బోస్ ఆయనే. మద్రాసులో అనీబిసెంట్ 1916లో భారతీయ బాలల కోసం ప్రత్యేకంగా స్కౌటు సంఘాన్నే స్థాపించారు. అంతకు ఏడాది ముందు మన మదనపల్లెలో కళాశాల పెట్టింది కూడా ఆమే. అలహాబాదులో మదనమోహన మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ సేవా సమితి స్కౌటులను తయారుచేశారు. స్వాతంత్ర్యం వచ్చాక ఈ సంఘాలు కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. మరుసటి ఏడాది ఆగస్టు 15న గైడ్ల సంఘం కూడా ఇందులో చేరింది. మనల్ని గుమ్మంలోనే ఆపిన ఇంట్లోకి మన పెద్దలు హక్కుగా నడిచి వెళ్లారు. ఈ చరిత్రను కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ మొదటి నెలలోనే చెబుతాను.

ఏ వయసులో చేరవచ్చు?

ఐదు నుంచి పదేళ్ల లోపు మగపిల్లలను కబ్‌లు అని, ఆడపిల్లలను బుల్‌బుల్‌లు అని పిలుస్తారు. పదేళ్లు నిండితే స్కౌట్, గైడ్. కళాశాల వయసుకు వస్తే రోవర్, రేంజర్. వాళ్లు 25 ఏళ్ల వరకు కొనసాగవచ్చు. చిన్నప్పుడు కబ్‌గా లేనివాళ్లు నేరుగా స్కౌట్‌గా చేరవచ్చు, ఏ ఇబ్బందీ లేదు. తొమ్మిదో తరగతిలో చేరతానంటే మాత్రం పై మెట్లు ఎక్కడానికి సమయం తక్కువని ముందే చెబుతాను. ఆ మాట విన్న తరువాత కూడా చేరేవాళ్లుంటారు, వాళ్లంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

చేరిన రోజునే స్కార్ఫ్ ఇస్తారా?

ఇవ్వరు. పిల్లలు ఎక్కువగా నిరాశపడేది ఇక్కడే. చేరాక కనీసం మూడు నెలలు దళంతో కలిసి తిరగాలి, సమావేశాలకు రావాలి. ప్రతిజ్ఞ, నియమం, నినాదం, సెల్యూట్, ఎడమ చేతి కరచాలనం, ప్రార్థన గీతం, జెండా గీతం నేర్చుకోవాలి. దీనినే ప్రవేశ్ అంటారు. అది పూర్తయ్యాక దీక్ష ఇస్తారు. దళమంతా గుర్రపు నాడా ఆకారంలో నిలబడుతుంది. కొత్తగా చేరినవారు అందరి ఎదుటా ప్రతిజ్ఞ చేస్తారు. అప్పుడే మెడలో స్కార్ఫ్ పడుతుంది.

మూడు నెలలు ఎందుకంటే, మాట ఇచ్చే ముందు ఏ మాట ఇస్తున్నామో తెలియాలి కదా. ఒకసారి ఒక అబ్బాయి రెండో నెలలోనే వచ్చి, "టీచర్, నియమాలన్నీ వచ్చేశాయి, దీక్ష ఇచ్చేయండి" అన్నాడు. అప్పజెప్పమంటే గడగడా చెప్పాడు. అదే సాయంత్రం సామాను గదిలో తాళ్లు చుట్టే పని తన జట్టుకు వదిలేసి వెళ్లిపోయాడు. మూడో నెలలో అతనే అందరికంటే చివరగా వెళ్లడం మొదలుపెట్టాడు. నేను ఏమీ అనలేదు, జట్టులోని పిల్లలే చెప్పుకున్నారు.

ప్రతిజ్ఞలో ఏముంటుంది?

మూడు విషయాలు. భగవంతుని పట్ల, దేశం పట్ల నా కర్తవ్యం నిర్వర్తించడం. ఇతరులకు సహాయం చేయడం. స్కౌట్ లేదా గైడ్ నియమాన్ని పాటించడం. వీటిని శాయశక్తులా చేస్తానని తన గౌరవం సాక్షిగా చెప్పాలి.

ఇందులో పిల్లలు తేలిగ్గా దాటేసే మాట "శాయశక్తులా". నా దృష్టిలో ప్రతిజ్ఞకు ప్రాణం ఆ మాటే. నేను ఎన్నడూ తప్పు చేయనని ఎవరూ మాట ఇవ్వడం లేదు. నాకు చేతనైనంతా చేస్తానని ఇస్తున్నారు. పదకొండేళ్ల పిల్ల నిజాయితీగా ఇవ్వగల మాట అది. "మా అమ్మాయికి మొహమాటం, నలుగురిలో మాట్లాడలేదు, మీ సంఘానికి పనికివస్తుందా?" అని అడిగే తల్లులకు నేను చూపించేదీ ఈ మాటనే. పనికిరావడానికి ముందుగా ఉండవలసిన అర్హతలు ఏమీ లేవు.

మేము దేవుణ్ణి నమ్మం. మా మతం వేరు. అయినా చేరవచ్చా?

తప్పకుండా. ప్రతిజ్ఞలో దేవుడు అన్నచోట ధర్మం అనే మాట పలకవచ్చు, ఆ వెసులుబాటు నిబంధనలలోనే ఉంది. శిబిరాల్లో సర్వధర్మ ప్రార్థన చేస్తాం. అంటే అన్ని మతాల ప్రార్థనలూ వరుసగా పిల్లలే వినిపిస్తారు. ఖురాన్ వాక్యం చదివే అమ్మాయి, కీర్తన పాడే అబ్బాయి, శ్లోకం చెప్పే పిల్ల ఒకే చాప మీద కూర్చుంటారు.

నియమాలు తొమ్మిదీ కంఠస్థం చేయాలా?

చేయాలి. అయితే అది మొదటి మెట్టు మాత్రమే. నమ్మదగినవారై ఉండటం, విశ్వాసంగా ఉండటం, అందరితో స్నేహం, మర్యాద, జంతువుల మీద దయ, ప్రకృతి మీద ప్రేమ, క్రమశిక్షణ, ప్రజల ఆస్తిని కాపాడటం, ధైర్యం, పొదుపు, మనసులో మాటలో చేతలో స్వచ్ఛత. ఈ గుణాలన్నీ ఆ తొమ్మిదింటిలో ఉన్నాయి. గమనించండి, ఏ నియమంలోనూ "చేయకూడదు" అని లేదు. స్కౌట్ ఇలా ఉంటాడు, గైడ్ ఇలా ఉంటుంది అనే చెబుతాయి.

నేను ఒక్కో నెల ఒక్కో నియమాన్ని తీసుకుంటాను. ప్రజల ఆస్తి వంతు వచ్చిన నెలలో మా పిల్లలు బడి ఎదుటి బస్టాప్‌లో బల్ల మీద పేర్లు ఎవరు చెక్కారో వెతకడం మొదలుపెట్టారు. వెతకడం ఆపి గరుకు కాగితం తెచ్చి రుద్దమన్నాను. రెండు శనివారాలు పట్టింది. చెక్కిన పేర్లలో ఒకటి మా దళంలోని పిల్లవాడిదే అని రుద్దుతున్నప్పుడు తెలిసింది. అతను తన పేరు తనే రుద్దుకున్నాడు.

ఎడమ చేయి ఇవ్వడం మన ఇళ్లలో తప్పు కదా?

ఈ ప్రశ్న ఎక్కువగా అమ్మమ్మలు, నాయనమ్మలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మనం ఎడమ చేత్తో డబ్బు ఇవ్వం, వడ్డించం, ప్రసాదం తీసుకోం. మరి స్కౌట్లు కలుసుకుంటే ఎడమ చేయి ఎందుకు కలుపుతారు?

దీనికి తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటి ఉంది. పశ్చిమ ఆఫ్రికాలో అశాంటీ అనే జాతి యోధులు ఎడమ చేతితో డాలు పట్టుకునేవారట. ఎదుటివాడిని పూర్తిగా నమ్మినప్పుడే డాలు కింద పెట్టి ఆ చేయి చాచేవారట. నీ ముందు నాకు డాలు అక్కర్లేదు అని చెప్పడమన్నమాట. ఎడమవైపే గుండె ఉంటుంది కాబట్టి అని కూడా కొందరు చెబుతారు.

ఇంట్లో ఏం చేయాలి? ఇంటి మర్యాద ఇంట్లో. ఎడమ చేయి కలపడం స్కౌట్లు, గైడ్ల మధ్య గుర్తు మాత్రమే. మామయ్య వస్తే రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాలి, శనగలు కుడిచేత్తోనే తీసుకోవాలి. ఎక్కడ ఏ మర్యాదో తెలుసుకుని మసలుకోవడం కూడా శిక్షణలో భాగమే. ఒక నాయనమ్మ ఈ కథంతా విని, మనవరాలి దీక్ష రోజున వచ్చి నాకు ఎడమ చేయి అందించారు. ఆ చేతికి పసుపు ఇంకా అంటుకునే ఉంది.

సెల్యూట్‌లో మూడు వేళ్లే ఎందుకు?

మూడు వేళ్లు ప్రతిజ్ఞలోని మూడు భాగాలు. చిటికెన వేలి మీద బొటనవేలు ఆనించి ఉంచుతాం, బలమైనవారు బలహీనులను కాపాడాలని అర్థం. చిన్నపిల్లలకు ఈ రెండో సంగతి చెప్పినప్పుడు తమ చేతిని తామే కొత్తగా చూసుకుంటారు.

రోజుకో మంచి పని చేయాలంటారు. లెక్క రాయాలా?

డైరీ రాయిస్తాం. కానీ పనిని డైరీ కోసం చేయడం మొదలైతే మాత్రం వెంటనే ఆపిస్తాను. స్కార్ఫ్ కొసకు చిన్న ముడి వేసుకుని, ఆ రోజు మంచి పని అయ్యాక విప్పుకునే అలవాటు చాలా దళాల్లో ఉంది. గుర్తుంచుకోవడానికి అది మంచి ఉపాయం. పని ఎంత చిన్నదైనా ఫరవాలేదు. బోరింగు దగ్గర ముసలాయనకు బిందె ఎత్తడం, ఏటీఎం దగ్గర తడబడుతున్నవారికి వరుస ఎక్కడో చూపించడం, ఇంట్లో ఎవరూ చెప్పకుండానే తమ్ముడి పుస్తకాలకు అట్టలు వేయడం. బదులుగా ఏమీ తీసుకోకూడదు, చాక్లెట్ కూడా.

పెద్ద సందర్భాలూ వస్తాయి. పుష్కరాల ఘాట్లలో, జాతరల్లో, బ్రహ్మోత్సవాల్లో మన స్కౌట్లు, గైడ్లు వరుసలు నడుపుతూ, తప్పిపోయిన పిల్లలను సమాచార కేంద్రానికి చేరుస్తూ, మంచినీళ్లు అందిస్తూ కనిపిస్తారు. ఎండలో ఎనిమిది గంటలు నిలబడిన పిల్లలు సాయంత్రం ఒక్క మాట కూడా ఫిర్యాదు చేయకుండా రావడం చూస్తే నా కళ్లు చెమరుస్తాయి.

పెట్రోల్ అంటే ఏమిటి?

ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలున్న జట్టు. దానికి ఒక పేరు, ఒక జెండా, ఒక కేక ఉంటాయి. స్కౌట్ల జట్లకు సింహం, డేగ వంటి పేర్లు, గైడ్ల జట్లకు మల్లె, తామర వంటి పేర్లు పెట్టుకుంటారు. ఒకరు నాయకుడు, ఒకరు సహాయకుడు. మిగిలినవారిలో ఒకరికి సామాను, ఒకరికి లెక్కలు, ఒకరికి ప్రథమ చికిత్స పెట్టె, ఇలా ప్రతి ఒక్కరికీ ఒక బాధ్యత ఉంటుంది. ఊరికే నిలబడేవాళ్లు ఎవరూ ఉండరు. జట్టు నాయకులందరూ కలిసి కూర్చుని దళం విషయాలు నిర్ణయించుకునే సభ ఒకటి ఉంటుంది, దాన్ని గౌరవ సభ అంటాం. అక్కడ నేను సలహా మాత్రమే చెబుతాను. పెద్దవాళ్లే అన్నీ నిర్ణయించే దళంలో మీ పిల్లలు చేరితే, యూనిఫాం వేసుకున్న తరగతి గదిలో చేరినట్టే.

సీనియర్లు కొత్తవాళ్లను ఏడిపిస్తారా?

ఏడిపించకూడదు. ఆచారం పేరుతో గుంజీలు తీయించడం, సామాను మోయించడం, మారుపేర్లు పెట్టి నవ్వడం స్కౌటింగ్‌లో లేవు. అందరితో స్నేహం, మర్యాద అనే నియమాలకు అవి నేరుగా విరుద్ధం. నేను కొత్తగా గైడ్‌గా చేరినప్పుడు ఒక శిబిరంలో పెద్ద పిల్లలు నాచేత మూడు రోజులూ వాళ్ల పళ్లేలు కడిగించారు. ఇంటికి వెళ్లి మానేస్తానని ఏడ్చాను. మా గైడ్ కెప్టెన్ ఇంటికి వచ్చి, ఏం జరిగిందో అడిగి, తరువాతి సమావేశంలో తానే కొంగు బిగించి పళ్లేలు కడగడానికి కూర్చున్నారు. ఎవరినీ తిట్టలేదు. పెద్ద పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. ఆ రోజు నేను మానేసి ఉంటే ఇది రాసేదాన్ని కాదు.

ఇలాంటిది జరిగితే పిల్లలు జట్టు నాయకురాలికి చెప్పాలి. అక్కడ తేలకపోతే కెప్టెన్‌కు, అక్కడా తేలకపోతే ప్రధానోపాధ్యాయులకు. చాడీ చెప్పడమని అనుకోవద్దు.

ముడులు నేర్చుకుని ఏం లాభం?

చేతులకు బుద్ధి వస్తుంది. రీఫ్ నాట్ మొదటిది. కుడి కొస ఎడమ కొస మీద, ఎడమ కొస కుడి కొస మీద. రెండోసారీ కుడి కొసనే పైకి తెస్తే ముడి వంకరగా పడి జారిపోతుంది. సరిగ్గా పడితే చదునుగా ఉంటుంది, ఎంత లాగినా బిగుస్తుంది, విప్పాలంటే రెండు వేళ్లు చాలు. అందుకే విరిగిన చేతికి గుడ్డ కట్టేటప్పుడు అదే వేస్తారు, ఒంటికి గుచ్చుకోదు. ప్రపంచ స్కౌట్ చిహ్నం అడుగున ఉండే ముడి కూడా అదే.

ఏడో తరగతి అమ్మాయి ఒకరు నెల రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా, చెట్టు కింద కూర్చుని తాడు ముక్కతో ఇదే ముడి వేస్తూ విప్పుతూ ఉండేది. ఒక శనివారం ఆటలో పక్క జట్టు పిల్ల పడి మణికట్టు వాచింది. నేను పెట్టె తీసుకుని వెళ్లేసరికి ఈ అమ్మాయి తన చున్నీని మూలగా మడిచి, చేతిని ఛాతీకి ఆనించి, మెడ పక్కన ముడి వేస్తోంది. పెదవులు కదులుతున్నాయి. "కుడి మీద ఎడమ... ఎడమ మీద కుడి..." ఆసుపత్రిలో ఆ కట్టును విప్పిన నర్సు, "ఎవరు కట్టారమ్మా?" అని అడిగారు. "నేనే" అంది. నేను విన్న ఆమె మొదటి మాట అదే.

జెండా వందనంలో ఇంత పట్టింపు ఎందుకు?

జెండాను మడిచి, తాడు కట్టి, ముడుచుకున్నట్టే పైకి పంపుతాం. పైన ఆగాక ఒక్క లాగు లాగితే విచ్చుకోవాలి. మడత ఒక్కటి తప్పినా విచ్చుకోదు, దళమంతా తలెత్తి చూస్తూ ఉంటుంది. అందుకే ఆ జట్టు ముందు రోజు సాయంత్రం పదిసార్లు కట్టి చూసుకుంటుంది. మన సంఘం జెండా ఇది, ముదురు నీలం గుడ్డ మీద పసుపు రంగు చిహ్నం, దాని నడుమ అశోక చక్రం. అది గాలికి తెరుచుకునే క్షణం కోసం పిల్లలు ఊపిరి బిగబట్టడం నాకు ఎప్పటికీ పాతబడదు.

ఆడపిల్లను శిబిరానికి ఎలా పంపాలి?

అడిగి, తెలుసుకుని పంపాలి. గైడ్ల వెంట మహిళా లీడర్ తప్పనిసరిగా ఉండాలి. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరినీ తీసుకువెళ్లకూడదు. పడక, స్నానాల గదులు ఎక్కడో, దగ్గరలో ఆసుపత్రి ఏదో, ఏ వేళలో ఫోను చేయవచ్చో అడగండి. చెప్పడానికి విసుక్కునే లీడర్‌తో పంపకండి. మీ అమ్మాయి వేసుకునే మందులు, పడని తిండి కాగితం మీద రాసి ఇవ్వండి.

చదువు దెబ్బతింటుందా?

వారానికి ఒక సమావేశం, ఏడాదిలో ఒకటి రెండు శిబిరాలు. పదో తరగతి పరీక్షల ముందు మేమే తగ్గిస్తాం.

సర్టిఫికెట్ వల్ల ఉద్యోగం వస్తుందా?

ప్రవేశ్ తరువాత ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపాన్‌లు, ఆపైన రాజ్య పురస్కార్, చివరగా రాష్ట్రపతి పురస్కార్. ఒక్కో మెట్టుకు నెలల తరబడి పని ఉంటుంది, కాబట్టి అడ్డదారి లేదు. రైల్వే నియామకాల్లో స్కౌట్స్, గైడ్స్ కోటా ఉన్న మాట నిజమే. దానికి రాష్ట్రపతి పురస్కారం లేదా లీడర్ల శిక్షణలో హిమాలయన్ వుడ్ బ్యాడ్జ్ వంటి అర్హతలు, కొన్నేళ్ల క్రియాశీల సభ్యత్వం అడుగుతారు. ఎప్పటికప్పుడు వచ్చే ప్రకటన చూసుకోవాలి. పోస్టులు తక్కువ. దాని కోసమే పిల్లలను చేర్చవద్దని నా మనవి. డబ్బు తీసుకుని సర్టిఫికెట్ ఇప్పిస్తామనేవారిని అసలు దగ్గరకు రానివ్వకండి.

ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్‌లకూ దీనికీ తేడా ఏమిటి?

ఎన్‌సీసీ 1948లో మొదలైంది, రక్షణ మంత్రిత్వ శాఖ కింద నడుస్తుంది, కవాతు, ఆయుధ శిక్షణ ఉంటాయి. ఎన్‌ఎస్‌ఎస్ గాంధీజీ శతజయంతి ఏడాది 1969లో మొదలైంది, ప్రధానంగా కళాశాల విద్యార్థుల సేవా కార్యక్రమం. స్కౌటింగ్ చిన్న వయసు నుంచే మొదలవుతుంది, చిన్న జట్టే దానికి కేంద్రం. మూడూ మంచివే.

మా బడిలో దళం లేదు. ఎలా?

జిల్లా సంఘాన్ని అడిగితే బడులతో సంబంధం లేని ఓపెన్ గ్రూపులు దగ్గరలో ఉన్నాయేమో చెబుతారు. కేంద్రీయ విద్యాలయాల్లో, రైల్వేల్లో వేరుగా దళాలు ఉన్నాయి. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేకూ సొంత సంఘం ఉంది. ఇంకో దారి, ఉత్సాహం ఉన్న ఉపాధ్యాయులను శిక్షణకు పంపమని ప్రధానోపాధ్యాయులను కోరడం. శిక్షణ వారం రోజులే, ఆ తరువాత నేర్పేది పిల్లలే.

తొలిరోజు ఏం తీసుకురావాలి?

నోట్‌బుక్, పెన్ను, మంచినీళ్ల సీసా, మట్టి అంటినా బాధపడని బట్టలు, రెండు బారల తాడు. యూనిఫాం అప్పుడే కొనవద్దు, దీక్ష దగ్గరపడ్డాక కొలతలు చెబుతాం. కొనలేనివారికి పై తరగతులకు వెళ్లిన పిల్లలు ఇచ్చిన జతలు ఉతికి, ఇస్త్రీ చేసి బీరువాలో ఉంచాం. అడగడానికి మొహమాటపడితే నా టేబుల్ మీద చీటీ పెట్టినా చాలు. శనివారం సాయంత్రం నాలుగింటికి, వేపచెట్టు కింద.